తలంటు దినుసులు: పనితీరు, పరిమితులు, తయారీలో జాగ్రత్తలు

తెలుగునాట తలంటుకు కుంకుడుకాయ, సీకాయ, తలకు కొబ్బరి నూనె, నెరసిన వెంట్రుకలకు గోరింటాకు వాడడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఇవే దినుసులు నేడు షాంపూలు, నూనెలు, రంగుపొడుల పెట్టెల మీద బొమ్మలుగా కనిపిస్తున్నాయి. అడవి నుంచి కాయలు ఏరి తెచ్చే గిరిజన కుటుంబాలకు, పెరళ్ళలోను పొలం గట్ల మీద ఈ మొక్కలు ఉన్న రైతులకు, పొడులు కొట్టి అమ్మే మహిళా సంఘాలకు ఇది ఒక ఆదాయ మార్గం. అయితే ఒకే మొక్కకు మురికి కడిగే గుణం, మెరుపునిచ్చే గుణం, చుండ్రు పోగొట్టే గుణం, బట్టతలపై జుట్టు మొలిపించే గుణం అన్నీ అంటగట్టి అమ్మడం వల్ల దానికి నిజంగా ఉన్న గుణం మరుగున పడుతున్నది. కొన్నవారు డబ్బు పోగొట్టుకోవడమే కాక, కొన్ని సందర్భాలలో సరైన వైద్యం ఆలస్యమై నష్టపోతున్నారు. ఏ దినుసు ఏ పని చేస్తుంది, ఆ పని ఎక్కడ ఆగిపోతుంది అన్నది తెలుసుకోవడం వాడేవారికీ, తయారుచేసేవారికీ అవసరం.

వెంట్రుక వేరు, కుదురు వేరు

తలపై కనిపించే వెంట్రుక ప్రాణం లేని పదార్థం. అది కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడిన పోగు. దాని పైపొరలో ఇంటి పెంకుల వలె ఒకదానిపై ఒకటి పరచుకున్న సన్నని పొలుసులు ఉంటాయి. ఈ పొలుసులు అణిగి ఉంటే వెంట్రుక నునుపుగా మెరుస్తుంది. లేచి ఉంటే గరుకుగా మారి చిక్కుపడుతుంది. ప్రాణమున్న భాగం తలచర్మం లోపల ఉన్న కుదురు మాత్రమే. వెంట్రుక అక్కడే పుట్టి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఒక్కొక్క వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరిగి, సుమారు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. తలపై దాదాపు లక్ష వెంట్రుకలు ఉండగా రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం సహజం. తీవ్రమైన జ్వరం లేదా కాన్పు తరువాత రెండు మూడు నెలలకు ఒక్కసారిగా జుట్టు ఊడడం, ఆ తరువాత కొన్ని నెలలలో దానంతట అదే కుదుటపడడం కూడా ఈ చక్రంలో భాగమే. ఆ సమయంలో ఏ నూనె రాసుకున్నా ఘనత ఆ నూనెకే దక్కుతుంది.

కడగడం, పూత పూయడం, రంగు వేయడం వెంట్రుక మీద జరిగే పనులు. వీటిలో మొక్కల దినుసులు బాగా పనిచేస్తాయి. కుదురు మీద పనిచేయాలంటే ఆ పదార్థం చర్మాన్ని దాటి లోపలికి చేరాలి. తలంటు దినుసులపై వచ్చే వాదాలలో అధిక భాగం ఈ రెంటినీ కలిపివేయడం వల్ల పుట్టినవే.

కుంకుడు, సీకాయ

దక్షిణ భారతంలో పెరిగే కుంకుడు చెట్టు సపిండస్ ఎమార్జినేటస్. ఉత్తరాది కొండ ప్రాంతాలలో పెరిగేది సపిండస్ ముకొరోసి. కాయలోని నల్లని గట్టి గింజ తలంటుకు పనికిరాదు. పనికివచ్చేది దాని చుట్టూ ఉన్న కండగల తొక్క. అందులో సుమారు పదో వంతు సపోనిన్లు ఉంటాయి. సపోనిన్ అణువులో ఒక కొస చక్కెరలతో కూడినది కావడంతో నీటిని ఇష్టపడుతుంది. మరొక కొస జిడ్డును ఇష్టపడుతుంది. జిడ్డును ఇష్టపడే కొసలు నూనె బిందువును చుట్టుముట్టగా, నీటిని ఇష్టపడే కొసలు బయటివైపు నిలిచి ఆ బిందువును నీటిలోకి లాగుతాయి. నీటి తలతన్యత తగ్గడం వల్లనే నురుగు వస్తుంది. షాంపూలలో వాడే సోడియం లారెత్ సల్ఫేట్ పనిచేసే పద్ధతి కూడా ఇదే. కంసాలి నగ కడగడానికి, పట్టుచీర ఉతకడానికి కుంకుడు రసాన్ని ఎంచుకోవడం వెనుక ఉన్నదీ ఈ గుణమే.

సబ్బుతో పోల్చినప్పుడు కుంకుడుకు రెండు మేలైన లక్షణాలు ఉన్నాయి. మామూలు సబ్బు నీటి ఉదజని సూచిక 9 నుంచి 10 వరకు ఉంటుంది. తలచర్మం సూచిక సుమారు 5.5. క్షారం తగిలినప్పుడు వెంట్రుక ఉబ్బి పొలుసులు లేస్తాయి. కుంకుడు రసం, సీకాయ కషాయం కొద్దిగా ఆమ్ల గుణం కలవి కనుక పొలుసులు అంతగా లేవవు. రెండవది, రాయలసీమలోను, నల్లగొండ ప్రాంతంలోను వాడే బోరు నీళ్ళ వంటి కఠిన జలంలో సబ్బు కాల్షియంతో కలిసి తెట్టులా విరిగి వెంట్రుకలకు అంటుకుంటుంది. కుంకుడు సపోనిన్లు కాల్షియంతో అలా విరగవు. బోరు నీళ్ళున్న ఊళ్ళలో సబ్బుతో తలస్నానం చేస్తే జుట్టు జీడిలా అంటుకుంటుందని, కుంకుడుకాయతో అలా కాదని ఇల్లాళ్ళు చెప్పే మాట రసాయన శాస్త్రానికి సరిపోతున్నది.

పరిమితులూ ఉన్నాయి. సపోనిన్ జిడ్డును ఎంత చక్కగా లాగుతుందో జీవకణాల పైపొరనూ అంత సులభంగా దెబ్బతీస్తుంది. కుంకుడు రసం కంటిలో పడితే మంట పుట్టేది, కన్ను ఎర్రబారేది ఇందువల్లనే. పసిపిల్లలకు తలంటేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. కంటిలో పడిన వెంటనే ధారాళంగా మంచినీటితో కడగాలి, మంట తగ్గకపోతే కంటి వైద్యునికి చూపించాలి. చేపల మొప్పలపై సపోనిన్ తీవ్రంగా పనిచేస్తుంది కనుక కాయలు పెద్ద ఎత్తున నానబెట్టిన నీటిని చేపల చెరువులోకి వదలరాదు. ప్రతిరోజూ కుంకుడు వాడితే సహజమైన జిడ్డు కూడా పోయి వెంట్రుక పొడిబారుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు సరిపోతుంది.

సీకాయ ముళ్ళతో అల్లుకునే తీగ. దాని కాయలలోనూ సపోనిన్లు ఉన్నా కుంకుడంత గాఢంగా కడగదు. అందుకే పొడిబారిన జుట్టుకు సీకాయ, జిడ్డు జుట్టుకు కుంకుడు అన్న వాడుక ఏర్పడింది. రెండూ కలిపి వాడడమూ ఉంది. రసం ఏదైనా ఏ రోజుది ఆ రోజే వాడాలి. కాయలోని చక్కెరలు నీటిలో ఒక్క రోజులోనే పులిసి వాసన పట్టడం మొదలవుతుంది. నిల్వ చేసేందుకు వీలైన రూపం ఎండుకాయ లేదా పొడి మాత్రమే.

నూనె చేసే మేలు, చేయని మేలు

కొబ్బరి నూనె గురించి చెప్పుకునే మాటలలో ఒకటి ప్రయోగంలో నిలిచింది. 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో రేలే, మొహిలే ప్రచురించిన పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ నూనెలను పోల్చి చూశారు. తలస్నానానికి ముందు గాని తరువాత గాని రాసినప్పుడు వెంట్రుక నుంచి మాంసకృత్తు కోల్పోవడాన్ని గణనీయంగా తగ్గించినది కొబ్బరి నూనె ఒక్కటే. దాని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. అణువు చిన్నది, గొలుసు తిన్ననిది కావడం వల్ల అది పోగు లోపలికి చొరబడగలదు. లోపల నూనె ఉన్న వెంట్రుక నీటిలో తక్కువగా ఉబ్బుతుంది. తడిసి ఆరి, మళ్ళీ తడిసే క్రమంలో పొలుసులు తక్కువగా దెబ్బతింటాయి. తలంటుకు ముందు నూనె పెట్టుకునే అలవాటు ఈ విధంగా సమంజసమే.

అయితే ఇది ఉన్న వెంట్రుకను కాపాడడమే గాని కొత్త వెంట్రుకను పుట్టించడం కాదు.

చుండ్రు విషయంలో నూనె మేలుకు బదులు కీడు చేయవచ్చు. తలచర్మం మీద సహజంగా జీవించే మలసీజియా అనే శిలీంధ్రం తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారుచేసుకోలేదు. చర్మపు జిడ్డును విడగొట్టి సంతృప్త కొవ్వు ఆమ్లాలను వాడుకొని, ఓలియిక్ ఆమ్లాన్ని మిగులుస్తుంది. ఆ ఓలియిక్ ఆమ్లం పడనివారిలో చర్మం రేగి పొట్టుగా లేస్తుంది. అంటే చుండ్రుకు మూలం తల పొడిబారడం కాదు. పొట్టు రాలుతున్నదని రోజూ నూనె పట్టించి రాత్రంతా ఉంచడం శిలీంధ్రానికి మేత వేయడమే. నూనె పెట్టుకోవలసివస్తే వెంట్రుకల పొడవునా రాసి, కొద్ది గంటలలో కడగడం మేలు.

మొక్కల నుంచి వచ్చిన వాటిలో చుండ్రుపై మనుషులలో పరీక్షకు నిలిచినదిగా ఆస్ట్రేలియాకు చెందిన టీ ట్రీ నూనెను చెప్పవచ్చు. 2002లో ప్రచురితమైన ప్రయోగంలో 126 మంది పాల్గొన్నారు. 5 శాతం టీ ట్రీ నూనె ఉన్న షాంపూను నాలుగు వారాలు వాడినవారిలో చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గగా, ఆ నూనె లేని షాంపూ వాడినవారిలో 11 శాతం తగ్గింది. ఇది ఉపశమనమే తప్ప పూర్తి నివారణ కాదని అంకెలే చెబుతున్నాయి. చుండ్రు తీవ్రంగా ఉన్నప్పుడు కీటోకొనజోల్ వంటి మందు కలిసిన షాంపూలను వైద్యుని సలహాపై వాడాలి. పిల్లల తలపై గుండ్రంగా మచ్చలు ఏర్పడి, పొట్టు లేచి, వెంట్రుకలు మొదట్లోనే తెగిపోతుంటే అది చుండ్రు కాదు, తామర. శిలీంధ్రం కుదురు లోపల ఉంటుంది కనుక పైపూతలు చాలవు; నోటి ద్వారా మందు ఇవ్వాలి. వేపనూనె, నిమ్మరసం పూస్తూ వారాలు గడిపితే మచ్చ శాశ్వతంగా మిగిలిపోవచ్చు, ఇంట్లోని మిగతా పిల్లలకూ అంటవచ్చు.

మందారం, మెంతులు, గుంటగలగర

మందారాకు నూరినా, మెంతులు నానబెట్టి రుబ్బినా చేతికి తగిలే జిగట చక్కెర అణువుల గొలుసులతో ఏర్పడినది. మెంతులలో అది గాలక్టోమన్నన్. తల కడిగిన తరువాత ఈ జిగట వెంట్రుక మీద పలుచని పొరగా నిలిచి, పొలుసులను అణిచి, దువ్వెన సాఫీగా దిగేటట్లు చేస్తుంది. దుకాణంలో కొనే కండిషనర్ చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. ఈ ఒక్క గుణం కోసం వాడినా ఈ దినుసులకు చేటు లేదు.

జుట్టు పెంచే గుణానికి ఆధారంగా చూపే పరిశోధనలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. మందారంపై 2003లో జర్నల్ ఆఫ్ ఎత్నోఫార్మకాలజీలో వచ్చిన పరిశోధన తరచుగా ఉదహరింపబడుతున్నది. అందులో వాడినది పెట్రోలియం ఈథర్‌తో తీసిన సారం, ఇంట్లో నీటితో నూరిన ముద్ద కాదు. ప్రయోగం జరిగినది జంతువులపైన, ప్రయోగశాలలో పెంచిన కుదుళ్ళపైన. పువ్వు సారం కంటే ఆకు సారమే ఎక్కువగా పనిచేసిందని తేలింది. అయినా సీసాల మీద అచ్చువేసే బొమ్మ ఎర్రని పువ్వుదే. గుంటగలగర పరిస్థితీ ఇటువంటిదే. దానిపై వచ్చిన ప్రసిద్ధ ప్రయోగం తెల్ల ఎలుకలపై జరిగింది. ఎలుకల వెంట్రుకలు ఒకేసారి పెరిగి ఒకేసారి విశ్రాంతి దశకు చేరుతాయి. మనిషి తలపై ప్రతి వెంట్రుకదీ వేరు లెక్క. అందువల్ల ఎలుకలో కనిపించిన ఫలితాన్ని నేరుగా మనిషికి అన్వయించడం తగదు. ఈ మొక్కలు పనికిరావని దీని అర్థం కాదు. మనుషులపై తగిన ప్రయోగాలు జరిగేవరకు జుట్టు మొలిపిస్తాయని చెప్పి అమ్మరాదని మాత్రమే.

గుంటగలగర వరి గట్ల మీద, కాలువల వెంట కలుపుగా పెరుగుతుంది. కలుపుగా పీకి పారవేసే మొక్కను కిలోల లెక్కన కొనేవారు రావడం రైతుకు ఆకర్షణీయమే. కాని కలుపు మందు, పురుగు మందు చల్లిన మడి పక్కన కోసిన మొక్కలో వాటి అవశేషాలు ఉంటాయి. కర్మాగారాల మురుగు పారే కాలువ పక్కన పెరిగినదానిలో భార లోహాలు చేరే ప్రమాదం ఉంది. సేకరణకు మందులు చల్లని స్థలాన్ని విడిగా కేటాయించుకోవాలి. తెల్లని పూలు పూసేదే గుంటగలగర. పసుపు పూలది వేరే మొక్క. నూనెలలో సువాసన కోసం, గుణం కోసం కలిపే దినుసులలో బావంచాలు ఒకటి. వీటిలో ఉన్న సొరాలెన్ చర్మానికి అంటిన తరువాత ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు. తలకు రాసి ఎండలోకి వెళ్ళే వారి నూనెలో వీటిని కలపకపోవడమే మంచిది.

గోరింట నానాలి, నీలి నానరాదు

ఆషాఢంలో అరచేతిని పండించే లాసోన్ అనే పదార్థమే వెంట్రుకకూ రంగునిస్తుంది. ఆకులో అది చక్కెరతో బంధించబడి ఉంటుంది. పొడిని నీటిలో, కొద్దిగా పుల్లని ద్రవంతో కలిపి, కొన్ని గంటలు నాననిస్తే బంధం విడి లాసోన్ బయటికి వస్తుంది. అది కెరాటిన్‌తో గట్టిగా కలిసిపోతుంది కనుక రంగు కడిగినా పోదు. దాని రంగు నారింజ కలిసిన ఎరుపు. గోరింటాకు ఒక్కదానితో నలుపు ఎన్నటికీ రాదు.

నలుపుకు దగ్గరగా రావాలంటే గోరింట తరువాత నీలి ఆకు పొడి పెట్టాలి. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాలలో నీలిమందు కోసం విస్తారంగా సాగైన ఇండిగోఫెరా టింక్టోరియా ఇదే. నీలి స్వభావం గోరింటకు విరుద్ధం. ఆకులోని ఇండికన్ నీటిలో కలిసిన వెంటనే విడిపోయి ఇండాక్సిల్‌గా మారుతుంది. ఇండాక్సిల్ నీటిలో కరిగి ఉన్నంతసేపే వెంట్రుకలోకి దిగగలదు. గాలి సోకి నీలిరంగుగా మారిన తరువాత అది నీటిలో కరగదు, లోపలికి పోదు. గోరింటతో పాటు నీలిని కూడా రాత్రంతా నానబెట్టినవారికి రంగు పట్టకపోవడానికి కారణం ఇదే. నీలి పొడిని కలిపిన పది పదిహేను నిమిషాలలో తలకు పట్టించాలి. ఇనుప మూకుడులో ఉసిరి పొడి గాని గోరింటాకు గాని నానబెడితే వచ్చే నలుపు మాత్రం వేరు. అది టానిన్లు ఇనుముతో కలిసి ఏర్పడిన రంగు.

ఈ రెండు దశల పనికి ఓపిక కావాలి, కొన్ని గంటల సమయం కావాలి. ఆ ఓపిక లేనివారికోసమే 'నల్ల గోరింట' పేరుతో గంటలోపు నలుపునిచ్చే పొడులు వచ్చాయి. వాటిలో పనిచేసేది గోరింట కాదు, పారాఫినిలిన్‌డయామిన్ అనే కృత్రిమ రసాయనం. పడనివారిలో ఇది తల, నుదురు, కనురెప్పలు వాచి, చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడేంత తీవ్రమైన ప్రతిచర్యను కలిగిస్తుంది. ఒకసారి పడనితనం ఏర్పడితే జీవితాంతం ఉంటుంది. ప్రతిసారీ తీవ్రత పెరగవచ్చు. ఈ రసాయనం ఉన్న రంగుల పెట్టెపై ముందుగా పరీక్షించుకోవాలన్న హెచ్చరికను, కనుబొమ్మలకు, కనురెప్పలకు వాడితే చూపు పోవచ్చన్న హెచ్చరికను ఇంగ్లీషులోను స్థానిక భాషలోను అచ్చువేయాలని నియమం ఉంది. 'సహజం' అన్న మాట పెద్ద అక్షరాలలోను, ఈ హెచ్చరిక చిన్న అక్షరాలలోను ఉన్న పొట్లాలు పల్లె దుకాణాలలో కనిపిస్తాయి. కొనేముందు చిన్న అక్షరాలు చదవాలి. వాడేముందు చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు చూడాలి. స్వచ్ఛమైన గోరింటాకు కూడా జి-6-పి-డి అనే ఎంజైమ్ లోపమున్న పసిపిల్లలకు ప్రమాదకరం. వారిలో ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు వచ్చిన సంఘటనలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి.

పొడుల తయారీ, నిల్వ

గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినప్పటి నుంచి గిరిజనుల వద్ద కొంటున్న అటవీ ఉత్పత్తులలో కుంకుడు, సీకాయ, ఉసిరి ముఖ్యమైనవి. కాయగా అమ్మడం కంటే గింజ తీసి, ఎండబెట్టి, పొడి చేసి అమ్మితే ఎక్కువ ధర పలుకుతుంది. ఆ అదనపు ధర నిలబడేది తేమ మీద. కుంకుడు, సీకాయలను పూర్తిగా పండిన తరువాతనే కోసి, టార్పాలిన్ మీద పరచి ఎండలో ఆరబెట్టాలి. రోడ్డు మీద ఆరబోసిన కాయలలో మట్టి, తారు, బండ్ల పొగ కలుస్తాయి. గోరింట, నీలి, గుంటగలగర, మందారాకులను నీడలో, గాలి ఆడే చోట ఆరబెట్టాలి. ఎండకు ఆకు వెలిసి రంగునిచ్చే గుణం తగ్గుతుంది. ఆకు చేతిలో నలిపితే గలగలమని పొడి కావాలి. తేమ 10 శాతం మించితే నిల్వలో బూజు పడుతుంది. పొడి కొట్టేటప్పుడు యంత్రం వేడెక్కకుండా కొద్ది కొద్దిగా వేయాలి. కుంకుడు పొడి ముక్కుకు తగిలితే ఆగని తుమ్ములు వస్తాయి కనుక ముక్కుకు, కళ్ళకు రక్షణ లేకుండా మిల్లులో పనిచేయరాదు.

గోరింటాకు పొడిలో ఇసుక, ఆకుపచ్చ రంగు కలపడం బజారులో ఉన్న కల్తీ. చెంచాడు పొడిని గాజు గ్లాసు నీటిలో వేసి కలిపి వదిలితే ఇసుక అడుగున చేరుతుంది. రంగు కలిపి ఉంటే వేసిన వెంటనే నీరు చిక్కని పచ్చగా మారుతుంది. నీరు కలిసిన తయారీలను, అంటే ద్రవ షాంపూలు, కలబంద గుజ్జులను, నిల్వ పదార్థం లేకుండా సీసాలలో పోసి అమ్మడం ప్రమాదకరం. 'రసాయనాలు లేవు' అని గొప్పగా చెప్పుకున్న సీసాలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. తొలిసారి ఈ రంగంలోకి వచ్చే సంఘాలు పొడులతో మొదలుపెట్టడం క్షేమం.

చట్టం ఏమంటున్నది

ఇంట్లో వాడుకోవడానికి ఏ అనుమతీ అక్కరలేదు. అమ్మకానికి తయారుచేయాలంటే 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు పొందాలి. ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువ మోతాదు వరుసలో పొట్లంపై పేర్కొనాలి. కొనేవారికి కూడా ఈ వరుస ఉపయోగపడుతుంది. సీకాయ పేరుతో ఉన్న షాంపూ పదార్థాల పట్టికలో నీరు, సోడియం లారెత్ సల్ఫేట్ మొదట ఉండి సీకాయ చివరన ఉంటే, తల కడుగుతున్నది సీకాయ కాదని గ్రహించవచ్చు.

1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం దృష్టిలో సౌందర్య సాధనం అంటే శుభ్రపరచడానికి, అందాన్ని పెంచడానికి, రూపాన్ని మార్చడానికి వాడేది. శరీరంలో మార్పు తెచ్చి రోగాన్ని నయం చేస్తానంటే అది మందు అవుతుంది. మందులకు సైతం బట్టతల పోగొడతామని, కొత్త వెంట్రుకలు మొలిపిస్తామని, అకాల నెరుపును నయం చేస్తామని చెప్పుకునే వీలు లేదు. ఆ చట్టం కింది నియమాలలో జె షెడ్యూలు ఈ మూడింటినీ పేరు పెట్టి చేర్చింది. అందువల్ల మహిళా సంఘం తన కుంకుడు పొడి పొట్లంపై 'తలను శుభ్రపరచును', మెంతి పొడిపై 'చిక్కు తగ్గించి మృదువుగా ఉంచును', గోరింటాకు పొడిపై 'నెరసిన వెంట్రుకలకు ఎరుపు రంగునిచ్చును' అని నిస్సంకోచంగా రాసుకోవచ్చు. వాటితో పాటు కోసిన నెల, పొడి చేసిన తేదీ, సేకరించిన మండలం పేరు, కంటిలో పడకుండా చూసుకోవాలన్న హెచ్చరిక కూడా అచ్చువేస్తే కొనుగోలుదారు రెండవసారి అడిగి తీసుకుంటాడు.